మా ఇంటి ముందర పడవ కట్టిన విధానం



పోయిన సంచికలో మన పెద్దక్కలు విస్తరాకులు కుట్టే పని గురించి రాశారు. అది చదివాక సైన్సు సారు నన్ను పిలిచి, "మీ ఇంట్లో పడవ కట్టారు కదరా, దాని గురించి నువ్వు రాయి, లెక్కతో సహా రాయి" అన్నారు. అందుకే ఈసారి గోడపత్రికలో రెండు షీట్లు నాకు ఇచ్చారు. పక్కన వున్న బొమ్మ మా గదిలో వుండే స్నేహితుడు గీశాడు. పడవ ముక్కు కొంచెం ఎక్కువ లేచినట్టు గీశాడు, అంత లేవదు. మిగతా బొమ్మ సరిగానే వుంది.

మా వూరు శబరి వొడ్డున. శబరి ఒడిశాలో పుట్టి (అక్కడ కొలాబ్ అంటారు) మా వైపుకి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరికి పోటు వస్తే శబరి నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు మేమందరం గుట్ట మీదికి పోయి వున్నాం. అప్పుడు నాయన మా పాత పడవని చింతచెట్టుకి కట్టేసి వచ్చాడు. వరద తీశాక చూస్తే పడవ వుంది గాని, ఒక పక్క పలక పగిలింది. దానికి రేకు కొట్టి మళ్ళీ వాడుకున్నాం.

ఆ పాత పడవే తరవాత యేడు మమ్మల్ని ముంచింది. సంత నుంచి వస్తూ ఆరుగురం ఎక్కాం. ఒక బియ్యం బస్తా కూడా వుంది. వొడ్డుకి ఇంకా పది బారలు వుందనగా ఒక ఇంజను పడవ పోయింది. దాని అల వచ్చి పక్క మీదుగా లోపలికి పడింది. రెండో అలకి పడవ నిండిపోయింది. అందరం బతికాం. మా చెల్లి నీళ్ళు తాగింది, నాయన జుట్టు పట్టి లాగాడు. బియ్యం పోయింది, వల పోయింది. ఆ రోజు నుంచి అమ్మ మా ఇంట్లో పడవ అన్న మాట ఎత్తనిచ్చేది కాదు. నాయన వేరేవాళ్ళ పడవలో వేటకి పోయేవాడు. పడవ వాళ్ళది కాబట్టి పడిన చేపలో సగం వాళ్ళకే. వాలుగ పడినా, జెల్లలు పడినా సగమే ఇంటికి వచ్చేది.

కొత్త పడవ కట్టుకుందాం అని మా మామ (అమ్మకి తమ్ముడు) అన్నప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. చివరికి, "ఎంతమంది ఎక్కితే మునుగుద్దో ముందే చెప్పగలిగితే కట్టండి. మునిగినాక చెప్పేది నాకు అక్కర్లేదు" అంది. మామ నా మొహం చూశాడు. మేము ఆ యేడే ఆర్కిమెడిస్ సూత్రం చదువుకున్నాం. ఆ మాట పట్టుకునే నేను ఈ పనిలో దిగాను.

చెట్టు, చెక్క

పడవకి టేకు మంచిదని అందరికీ తెలుసు. కాని టేకు అడవిది, మనం ముట్టుకునేది కాదు. మా పొలం గట్టున కాపు తగ్గిపోయిన మామిడిచెట్టు వుంది. మామిడి చెక్క తేలిక, వెడల్పు పలకలు వస్తాయి, మేకు బాగా దిగుతుంది. దాని దోషం ఏమిటంటే త్వరగా పుచ్చిపోతుంది, పురుగు పడుతుంది. జాగ్రత్తగా వాడితే కొన్నేళ్ళు వస్తుంది, అంతే. సొంత పొలంలో చెట్టయినా కొట్టేముందు అనుమతి అడగాలి. నాయన రెండుసార్లు తిరిగి కాగితం రాయించుకున్నాకే గొడ్డలి పట్టాడు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, కొందరు మనదే కదా అని కొట్టేసి తరవాత ఇబ్బంది పడతారు.

సంక్రాంతి సెలవుల్లో చెట్టు కొట్టాం. చలికాలంలో కొట్టిన మొద్దు మెల్లగా ఆరుతుంది కాబట్టి పగుళ్ళు తక్కువ. అమావాస్య ముందు కొడితే పురుగు పట్టదని మామ అంటాడు. ఈ మాట సైన్సు సారుకి చెబితే నవ్వారు. కాని మామ చేసిన ఇంకో పనిని సారు మెచ్చుకున్నారు. మొద్దుని వాగులో రాళ్ళ కింద తొక్కిపెట్టి దాదాపు నెల రోజులు నానబెట్టాడు. చెక్కలో గంజి లాంటి పిండిపదార్థం వుంటుంది, పురుగు దానికోసమే వస్తుంది. నానితే అందులో కొంత నీళ్ళలోకి పోతుంది. తీసినప్పుడు ఆ మొద్దు కంపు కొట్టింది, ఆ కంపు అదే.

శివరాత్రికి కోతవాళ్ళు వచ్చారు. మొద్దుని కత్తెర కర్రల మీదికి ఎక్కించి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపంతో కోశారు. అడుగుకి అంగుళం మందం పలకలు మూడు, పక్కలకి ముప్పావు అంగుళం పలకలు రెండు, ఇంకా చిన్నవి. పలకల్ని చింతచెట్టు నీడలో పేర్చి, ఒక్కొక్క పలక మధ్య వేలు లావు పుల్లలు పెట్టాం. పుల్లలు లేకపోతే గాలి ఆడక బూజు పడుతుంది. ఎండలో ఆరబెడితే పైన త్వరగా ఆరి, లోపల పచ్చిగా వుండి చీలిపోతుంది. ఎండాకాలం సెలవులకి నేను ఇంటికి పోయేదాకా, అంటే రెండు నెలలపైన అవి అట్లాగే వున్నాయి.

పచ్చి చెక్కతో ఎందుకు కట్టకూడదు అని మీరు అడగవచ్చు. చెక్క ఆరితే అడ్డంగా ముడుచుకుంటుంది, తడిస్తే అడ్డంగా వుబ్బుతుంది. పొడుగులో మాత్రం దాదాపు మారదు. పచ్చి పలకలతో కడితే వొడ్డున ఎండకి ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. ఆరిన పలకలతో కడితే నీళ్ళలో వుబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటాయి. పడవ నీళ్ళని ఆపేది సగం మేకులు, సగం ఈ వుబ్బడం.

అడుగు

మా పడవ కొలతలు ఇవి: పొడుగు 14 అడుగులు, అడుగుభాగం మధ్యలో వెడల్పు రెండున్నర అడుగులు, పైన అంచు దగ్గర మూడున్నర, పక్క ఎత్తు 15 అంగుళాలు. అడుగు చదునుగా వుంటుంది. ఎందుకంటే ఎండాకాలం శబరిలో ఇసుక, బండలు పైకి తేలతాయి, గుండ్రటి అడుగు తట్టుకుని ఆగిపోతుంది. పైగా విసురువల వేసేవాడు పడవలో నిలబడి మొత్తం నడుం తిప్పి విసరాలి. చదును అడుగు మీద కాళ్ళు నిలుస్తాయి.

అడుక్కి మూడు పలకలు, ఒక్కొక్కటి 10 అంగుళాల వెడల్పు. అంచుల్ని చిత్రిక పట్టి ఒకదానికొకటి ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తాం. వెలుతురు కనపడితే మళ్ళీ చిత్రిక. ఈ ఒక్క పనికి రెండు రోజులు పట్టింది, నాకు విసుగొచ్చింది. ఇక్కడ ఒక కిటుకు వుంది. లోపలి వైపు అంచులు పూర్తిగా ఆనాలి, బయటి వైపు మాత్రం తాటాకు ఈనె పట్టేంత సందు వుండాలి. తరవాత నార కూరేది ఆ సందులోనే. రెండువైపులా బిగిస్తే నార పట్టదు, రెండువైపులా వదిలితే నార లోపలికి జారిపోతుంది.

మూడు పలకల్ని అడ్డపట్టీలతో కలిపాం. మేకు కొట్టే ప్రతిచోటా ముందు బరమాతో బెజ్జం వేయాలి. లేకపోతే పలక చీలుతుంది. మేకు కొన అవతల వైపు వొక అంగుళం పైకి వస్తే దాన్ని వంచి మళ్ళీ చెక్కలోకి దిగగొట్టాలి. అప్పుడు అది కొక్కెంలా పట్టుకుంటుంది, అల ఎంత కుదిపినా వూడదు. మేకులు జింకు పూత వున్నవి కొన్నాం. ధర ఎక్కువే. కాని జింకు తను ముందు తినబడుతూ లోపలి ఇనుముని కాపాడుతుందని పదో తరగతి అన్నలు చదివేది వినే వుంటారు. మా పాత పడవ మేకులు ఈనెల్లా సన్నబడిపోయాయి, నేను విప్పి చూశాను.

తరవాత అడుగుని నాలుగు మొద్దుల మీద పెట్టి, రెండు కొనల కింద చెక్కలు దూర్చి, మధ్యలో రాళ్ళు పేర్చాం. రెండు మూడు రోజుల్లో కొనలు మూడంగుళాలు లేచాయి. కొనలు లేచి వుంటే పడవ తేలికగా తిరుగుతుంది, వొడ్డుకి లాగడం సులువు. (దీనివల్ల నా లెక్క తప్పింది. ఆ సంగతి ముందు రాస్తాను.)

పక్కలు వంచడం, నా తప్పు

పడవకి లోపల మన పక్కటెముకల్లాగా వంకర కొయ్యలు వుంటాయి. మావి ఆరు జతలు. ఇవి తిన్నటి కర్రని కోసి చేయకూడదు. అట్లా చేస్తే చెక్కలోని పోగులు వంపు దగ్గర తెగిపోయి అక్కడే విరుగుతుంది. పుట్టుకతోనే వంగిన కొమ్మ కావాలి, దానిలో పోగులు వంపుతోపాటే పోతాయి. మామ, నేను మూడు రోజులు నల్లతుమ్మ చెట్ల కిందే తిరిగాం, తలలు పైకెత్తి. ఒక చెట్టు దగ్గర ఆగి మామ, "అదిగో అల్లుడూ, ఆ కొమ్మ మన పడవదే" అనేవాడు. నాకు మామూలు కొమ్మలా కనపడేది. కొట్టి తెచ్చి బాడిశతో చెక్కాక చూస్తే నిజంగానే సరిపోయేది.

కొయ్యలు నిలబెట్టాక రెండు కొనల్లో ముక్కు కొయ్యలు బిగించాం. ఆ తరవాత పక్క పలకలు వంచాలి. ఇదే అన్నిటికంటే కష్టమైన పని. పలకకి తడి గోనెసంచులు చుట్టి, కింద మెల్లగా మంట పెట్టి, పైన మరిగిన నీళ్ళు పోస్తూ వుండాలి. చెక్క పోగుల్ని అతికించి వుంచే జిగురులాంటి పదార్థం వేడి, ఆవిరి కలిసి తగిలితే మెత్తబడుతుంది. అంగుళం మందానికి ఒక గంట అని లెక్క. మెత్తబడ్డ పలకని మధ్య కొయ్యల దగ్గర మొదలుపెట్టి కొనల వైపుకి తెస్తూ, మోకు చుట్టి, మోకులో కర్ర పెట్టి మెలితిప్పుతూ పోవాలి. మెలి పెరిగేకొద్దీ పలక లోపలికి వంగుతుంది.

ఎడమ పలక చక్కగా వంగింది. కుడి పలకప్పుడు గోనె తడుపుతూ వుండే పని నాది. అప్పుడే మా వూళ్ళో పిల్లలు భూమి పండుగ డోలు కొడుతూ వీధిలోకి వచ్చారు. నేను చూస్తూ నిలబడ్డాను, ఎంతసేపో తెలియదు. ముక్కు దగ్గర గోనె ఆరిపోయింది. అక్కడ పలకలో ఒక ముడి కూడా వుంది. మామ మోకు మెలితిప్పగానే తుపాకీ పేలినట్టు చప్పుడయింది. అడుగు పొడుగున చీలిక.

మామ నన్ను తిట్టలేదు. మోకు వదిలేసి, కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. దానికి నాకు ఇంకా బాధ అయింది. అంత వెడల్పు పలక మళ్ళీ లేదు, ఇంకో చెట్టు లేదు. నాయన సాయంత్రం వచ్చి చీలికలో వేలు పెట్టి చూసి, "నీళ్ళ గీతకి పైనే కదా" అన్నాడు. మర్నాడు లోపలి వైపున ఒక అతుకు పలక పెట్టి, మధ్యలో తారులో ముంచిన గుడ్డ పరిచి, దగ్గర దగ్గరగా మేకులు వంచి బిగించారు. చీలిక ఇంకా పొడుగు పోకుండా దాని కొసన బరమాతో చిన్న బెజ్జం వేశారు. చీలిక గుండ్రటి బెజ్జంలోకి వచ్చి ఆగిపోతుంది. ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మీ ఇంట్లో తలుపు చెక్క చీలితే ఇట్లా చేసి చూడండి. అతుకు ఇప్పటికీ వుంది, పడవ ముక్కు దగ్గర కుడివైపు.

పండుగ రోజుల్లో మగవాళ్ళంతా వేటకి పోతారు కాబట్టి పని వారం ఆగింది. ఆ వారం నేను లెక్క వేశాను.

నార, గుగ్గిలం

అంచుల మీద పట్టీలు, అడ్డంగా మూడు కూర్చునే చెక్కలు బిగించాం. కూర్చునే చెక్క అంటే కూర్చోవడానికే అనుకోకండి. పక్కలు లోపలికి ముడుచుకుపోకుండా అది నెట్టి పట్టుకుంటుంది.

ఇక సందులు. గోగునారని దువ్వి, వేపనూనెలో తడిపి, పేనిన తాడులా చేసి, మొద్దుబారిన ఉలితో సందులోకి కొట్టాలి. ఒకే బలంతో కొట్టాలి. ఎక్కువ కొడితే పలకలే పక్కకి జరుగుతాయి. తరవాత దాని మీద గుగ్గిలం పూత. గుగ్గిలం పొడిచేసి నూనెలో వేసి సన్నమంట మీద కరిగించాలి. పాకం సరిపోయిందా లేదా అన్నది అరిసెల పాకం చూసినట్టే చూస్తారు. చుక్క తీసి చల్లనీళ్ళలో వేయాలి. పటుక్కున విరిగితే నూనె తక్కువైంది, వేలికి అంటుకుంటే గుగ్గిలం తక్కువైంది. వంగి విరగకుండా వుంటే సరి. ఈ పని ఇంట్లో, పాక కింద చేయకండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట పైకి ఎగురుతుంది. మూత వేయాలి లేదా ఇసక పోయాలి. మేము ఇసక బొచ్చె పక్కనే పెట్టుకున్నాం, అవసరం రాలేదు. చివర బయటంతా వేడి తారు, లోపల వేపనూనె.

మొత్తం ఖర్చు కోతకూలి, మేకులు, తారు, నూనె కలిపి పద్నాలుగు వేలు దాటింది. మామ కూలి తీసుకోలేదు. నాయన మేకపోతుని అమ్మాడు.

లెక్క

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్నకి వస్తాను.

నీళ్ళలో తేలే వస్తువు తన బరువుకి సమానమైన నీళ్ళని పక్కకి నెడుతుంది. ఇది ఆర్కిమెడిస్ రెండువేల రెండొందల యేళ్ళ కిందట చెప్పినదాని నుంచి వచ్చిందే. అంటే పడవ ఎంత నీటిని నెట్టిందో తెలిస్తే, ఎంత బరువు మోస్తున్నదో తెలిసినట్టే.

మా పడవలో నీళ్ళకి తగిలే అడుగు పొడుగు 12 అడుగులు అనుకోండి. వెడల్పు మధ్యలో రెండున్నర, కొనల్లో తక్కువ, కాబట్టి సగటున 2 అడుగులు. వైశాల్యం 24 చదరపు అడుగులు. పడవ ఒక్క అంగుళం దిగితే 24ని 12తో భాగించగా 2 ఘనపు అడుగుల నీళ్ళు పక్కకి పోతాయి. ఒక ఘనపు అడుగు నీళ్ళ బరువు సుమారు 28 కిలోలు. కాబట్టి ఒక్కో అంగుళానికి 56 కిలోలు. అంటే మన పీఈటీ సారు లాంటి బక్కమనిషి ఒకరు ఎక్కితే ఒక అంగుళం. (సారు ఇది చదివి నన్ను కొట్టరని అనుకుంటున్నాను.)

పడవ సొంత బరువు? చెక్క మొత్తం ఐదున్నర ఘనపు అడుగులు వచ్చింది. ఆరిన మామిడి చెక్క ఘనపు అడుగు 18, 19 కిలోలు. మేకులు, తారు కలుపుకుని 115 కిలోలు అనుకున్నాను. కాబట్టి ఖాళీ పడవ రెండంగుళాలు దిగాలి.

ముందుగా ఇదే లెక్క మా పాత పడవకి వేశాను. అది చిన్నది, అంగుళానికి 41 కిలోలే. పక్క ఎత్తు 12 అంగుళాలు. ఆ రోజు ఎక్కింది పెద్దా చిన్నా కలిసి 250 కిలోలు, బస్తా 50. మొత్తం 300 కిలోలకి ఏడంగుళాలపైన, పడవ బరువుకి రెండు. అంటే తొమ్మిదంగుళాలు మునిగి, నీళ్ళకి పైన మూడంగుళాలు కూడా మిగల్లేదు. ఇంజను పడవ అల ఆ ఎత్తు వుండదా? నేను ఈ లెక్క నోట్సులో వేసి చాలాసేపు దానివైపే చూశాను. ఆ రోజు మేమంతా ఇంజను పడవవాణ్ణి తిట్టాం.

కొత్త పడవ పక్క ఎత్తు 15. ఎప్పుడైనా 8 అంగుళాలు పైన మిగలాలి అని మామ చెప్పాడు. కాబట్టి 7 అంగుళాల కంటే దిగకూడదు. ఆ ఎత్తులో పడవ చుట్టూ తెల్లరంగుతో గీత గీయాలి అన్నాను. సముద్రపు ఓడలకి ఇట్లాంటి గీత వుంటుంది. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడితే 1876లో అక్కడ చట్టం వచ్చింది. అంతకు ముందు యజమానులు ఎక్కువ సరుకు వేసి పంపేవాళ్ళు, నావికులు మునిగిపోయేవాళ్ళు. మామకి ఇది చెబితే, "అంత దూరం ఎందుకు, మన సంత పడవలు చూడు" అన్నాడు.

నీళ్ళలో దించిన రోజు

జూన్ మొదటివారంలో తెల్లవారుజామున పడవని గుండ్రటి కర్రల మీద దొర్లించుకుంటూ రేవుకి తెచ్చాం. వూరంతా పట్టింది. ముందు రెండు రోజులు లోతులేని చోట నీళ్ళు నింపి వదిలేశాం. మొదటిరోజు నాలుగైదు చోట్ల కారింది. రెండోరోజు సాయంత్రానికి పలకలు వుబ్బి, ఒక్క చోట తప్ప అన్నీ ఆగాయి. ఆ ఒక్కచోట మళ్ళీ నార కూరాం.

నీళ్ళు తోడేసి తేలనిచ్చాక, ముందే అంగుళానికొకటి గీసిన గీతలు చూశాను. నా లెక్క ప్రకారం రెండు. నీళ్ళు రెండున్నర దగ్గర వున్నాయి. నాకు గుండె జారింది. అమ్మ వొడ్డున నిలబడి వుంది. తప్పు ఎక్కడో ఆలోచించాను. చెక్క రెండు రోజులు నీళ్ళు తాగింది, బరువు పెరిగింది. ఇంకోటి, అడుగు కొనలు మూడంగుళాలు లేపాం కదా, మొదటి అంగుళాల్లో 12 అడుగుల పొడుగు నీళ్ళకి తగలదు. తగిలే వైశాల్యం తక్కువైతే అదే బరువుకి ఎక్కువ దిగుతుంది. నేను చదును బల్లలా లెక్కవేశాను.

అందుకని మనుషుల్ని ఎక్కించి చూశాం. అందరి బరువులూ ముందే డిపోలో కాటా మీద తూచి రాసుకున్నాను. నాయన 58, మామ 62, నేను 41. మొత్తం 161. మూడంగుళాల లోపే దిగాలి, కచ్చితంగా మూడు దిగింది. నీళ్ళు ఇప్పుడు ఐదున్నర దగ్గర. గీతకి ఇంకా అంగుళంన్నర వుంది.

"ఇంకెంత పట్టుద్ది?" అని అమ్మ వొడ్డు నుంచే అడిగింది.

"ఎనభై కిలోలు అమ్మా, ఎక్కువైతే కాదు" అన్నాను.

అమ్మ 46, చెల్లి 24. అవి కూడా నా నోట్సులో వున్నాయి. అమ్మకి చెప్పలేదు, తనే అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చెల్లి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిచి వచ్చింది. మామ పడవని ఆనించి పట్టుకున్నాడు. ఇద్దరూ ఎక్కి మధ్య చెక్క మీద కూర్చున్నారు. చెల్లి అంచు గట్టిగా పట్టుకుంది. నేను వంగి చూశాను. తెల్లగీత నీళ్ళకి పైనే వుంది, చిటికెన వేలు మందం.

అమ్మ కూడా వంగి చూసింది. "ఇంకొకళ్ళు ఎక్కితే?" అంది. "గీత మునుగుద్ది" అన్నాను. "ఎక్కనీయకు" అంది నాయనతో.

ఇంకో రెండు సంగతులు. రెండు కొనల్లో కూర్చునే చెక్కల కింద మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాన్లు రెండు కట్టాం. ఒక్కోటి 19 కిలోల దాకా పైకి లేపుతుంది. చెక్క పడవ నీళ్ళు నిండినా పూర్తిగా అడుక్కి పోదు, చెక్కే తేలుతుంది. దానికి క్యాన్లు తోడయితే నలుగురు మెడదాకా నీళ్ళలో వుండి పట్టుకున్నా ఆగుతుంది. కాబట్టి ఎప్పుడైనా మునిగితే వొడ్డుకి ఈదాలని పడవ వదిలేయకండి, పడవనే పట్టుకుని వుండండి. ఆ రోజు మేము వదిలేశాం.

వానాకాలం పోటు ఎక్కువైనప్పుడు పడవ పైకి లాగి, బోర్లించి, కింద రాళ్ళు పెట్టి గాలి ఆడేట్టు వుంచుతారు. నేలకి ఆనిస్తే చెదలు. యేటా ఒకసారి సందులు చూసుకుని నార, గుగ్గిలం మళ్ళీ వేయాలి. దసరా సెలవుల్లో ఆ పని నాకు చెప్పారు.

ఇప్పుడు నాయన మన పడవలోనే వేటకి పోతున్నాడు. పోయిన ఆదివారం ఫోను చేసినప్పుడు, సంత రోజున వూళ్ళోవాళ్ళు ఇద్దరు ఎక్కబోతే చెల్లి వొడ్డున నిలబడి గీత చూసి ఒకాయన్ని దింపేసిందట. ఆయన వరసకి మాకు తాత అవుతాడు, చాలా కోపం వచ్చిందట.

తెడ్డు చెక్కే విధానం కూడా రాద్దామనుకున్నాను, షీటు అయిపోయింది. ఎవరికైనా లెక్కలో అనుమానం వుంటే స్టడీ అవర్ అయ్యాక నా దగ్గరికి రండి, కొలతలున్న నోట్సు నా పెట్టెలో వుంది.

– 9వ తరగతి విద్యార్థి